గడ్డి తప్ప ఏమీ లేని కౌంటీకి ఎందుకు వెళ్లాలి? – పాఠకుల యాత్రా సందేహాలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, విచిటా నగరంలో ఉంటున్నారు. వచ్చే ఏప్రిల్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. జీవితమంతా వ్యవసాయం చేసినవాణ్ని కాబట్టి నగరాలకన్నా అక్కడి పల్లెను, పొలాన్ని, పశువులను చూడాలని నా కోరిక. అల్లుడు చేజ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తీసుకెళ్తానంటున్నాడు. వాళ్ల స్నేహితులు మాత్రం అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదని, దారిలో ఒక గంట ఆగితే చాలునని అంటున్నారట. నిజంగా చూడదగినవేమైనా ఉన్నాయా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి? మేము శాకాహారులం. మోకాళ్ల నొప్పుల వల్ల నా భార్య ఎక్కువ దూరం నడవలేదు.
– ఒక రైతు, తెనాలి

జవాబు: గడ్డి తప్ప ఏమీ ఉండదన్న మాటలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ గడ్డిని చూడటానికే వెళ్లమని మా సలహా. ఉత్తర అమెరికా నడిమధ్యన ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాల్లో మనిషెత్తు గడ్డి పెరిగే మైదానం ఉండేది. ఇప్పుడు అందులో 4 శాతం కూడా మిగలలేదు. ఆ మిగిలినదానిలో పెద్ద భాగం కాన్సస్ తూర్పు ప్రాంతంలోని ఫ్లింట్ హిల్స్ అనే కొండల్లో ఉంది, చేజ్ కౌంటీ ఆ కొండల నడుమ ఉంది. మిగతా చోట్ల ఆ నల్లని సారవంతమైన నేలంతా నాగలి కిందికి వచ్చి మొక్కజొన్న, సోయాబీన్ పొలాలుగా మారిపోతే, ఇక్కడ మాత్రం గడ్డి ఎలా మిగిలిందన్న ప్రశ్నతో మీరు వెళ్తే, ఆ కౌంటీలో కనిపించే ప్రతిదీ దానికి జవాబు చెబుతుంది.

కారణం నేలలోనే ఉంది. కొండల మీద మట్టి పలచగా ఉంటుంది. దాని కింద, మన తాండూరు, బేతంచర్ల నాపరాయిలాగానే, సున్నపురాయి పొరలు పొరలుగా పరచుకొని ఉంటుంది. అయితే ఇక్కడి పొరల మధ్య చెకుముకిరాయి ఉంది. వేల ఏళ్ల వానలకు సున్నపురాయి కరిగిపోతుంది, చెకుముకి ముక్కలు మాత్రం కరగకుండా మట్టిలోనే ఉండిపోతాయి. అటువంటి నేలలో నాగలి కర్రు నిలవదని మీకు వేరే చెప్పనక్కరలేదు. 1806లో ఈ దారిన వెళ్లిన సైనికాధికారి జెబులన్ పైక్ వీటిని చెకుముకి కొండలనే తన దినచర్యలో రాసుకున్నాడు. తర్వాత వచ్చి స్థిరపడినవారు కాటన్‌వుడ్ నది ఒడ్డునున్న లోతైన ఒండ్రు నేలను మాత్రం దున్నుకొని, కొండలను పశువుల మేతకు వదిలేశారు. ఇప్పటికీ నది పక్కన పంటలు, పైన గడ్డి. ఈ తేడా మీ కంటికి ఊరు చేరకముందే కనిపిస్తుంది.

మీరు ఏప్రిల్ అన్నారు. పచ్చదనం కోసమైతే మే, జూన్ నెలలు, మనిషెత్తు ఎదిగి రాగి రంగుకు తిరిగిన గడ్డి కోసమైతే సెప్టెంబరు, అక్టోబరు నెలలు మంచివి. అయినా ఒక రైతుకు ఏప్రిల్‌ కన్నా మంచి నెల లేదని మా అభిప్రాయం. వసంతం మొదట్లో పశుపోషకులు తమ బయళ్లకు తామే నిప్పు పెడతారు. ఆ గడ్డి మొలక మట్టి లోపల ఉంటుంది, బిగ్ బ్లూస్టెమ్ వంటి రకాల వేళ్లు మూడు మీటర్ల లోతు దాకా పోతాయి, కాబట్టి మంట దానిని ఏమీ చేయలేదు. ఎండుగడ్డి, మొలిచివస్తున్న రెడ్ సీడర్ చెట్లు కాలిపోతాయి. కాల్చకుండా కొన్నేళ్లు వదిలేస్తే ఆ బయలు తుప్పలు, చెట్లతో నిండిపోతుంది. పైరు కోసిన తర్వాత పొలంలో గడ్డి కాల్చడాన్ని మన దగ్గర తప్పుబడుతున్నారు కాబట్టి ఈ పని మొదట మీకు వింతగా అనిపించవచ్చు. ఇక్కడ మాత్రం నిప్పు లేకపోతే గడ్డిమైదానమే లేదు. తెల్లవాళ్లు రాకముందు ఆదివాసులు కూడా ఇలాగే కాల్చేవారు. మీరు వెళ్లేసరికి ఒక కొండ నల్లగా మాడి ఉండి, దాని పక్క కొండ మీద లేత చిగురు కనిపించవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మాత్రం పొగ ఎక్కువగా ఉన్న రోజున వెళ్లకండి.

ఆ చిగురు కోసమే దూరప్రాంతాల నుంచి ఏడాది వయసు దూడలను లారీల్లో తెస్తారు. వేసవి మేతలో ఒక్కో దూడ రోజుకు ఇంచుమించు కిలో బరువు పెరుగుతుంది. పశువు ఒకరిది, గడ్డి మరొకరిది, చూసుకునేవారు ఇంకొకరు కావడం అక్కడ మామూలే. మన కౌలు వ్యవహారం తెలిసినవారికి ఆ లెక్కలు అడిగి తెలుసుకోవడం ఆసక్తిగా ఉంటుంది. మందలో ఎక్కువగా నల్లని ఆంగస్ పశువులే ఉంటాయి. మూపురంతో ఉన్న పశువు కనిపిస్తే ఆగి చూడండి. గిర్, గుజరాత్, కృష్ణా లోయ జాతులతో పాటు మన ఒంగోలు జాతి కూడా కలిసి రూపొందిన బ్రాహ్మన్ అనే అమెరికన్ జాతి పోలిక అది. నెల్లూరు పేరుతోనే మన పశువులు ఆ ఖండానికి పరిచయమయ్యాయి.

ఇక ఊళ్ల సంగతి. 2020 జనగణన ప్రకారం కౌంటీ మొత్తం జనాభా 2,572. 1900 ప్రాంతంలో ఇంతకు మూడింతలు ఉండేవారు. కౌంటీ కేంద్రమైన కాటన్‌వుడ్ ఫాల్స్‌లో తొమ్మిది వందల మంది కూడా లేరు. అయినా ఇటుకలు పరచిన ప్రధాన వీధి చివర నిలబడిన న్యాయస్థాన భవనాన్ని చూస్తే, దానిని కట్టినవారు ఈ ఊరు ఎంత పెద్దదవుతుందని ఆశపడ్డారో తెలుస్తుంది. 1873లో ఆ కొండల సున్నపురాయితోనే కట్టిన ఆ భవనంలో ఇప్పటికీ కౌంటీ పాలన సాగుతోంది. కాన్సస్‌లో నేటికీ వాడుకలో ఉన్న న్యాయస్థాన భవనాలన్నిటిలో ఇదే పాతది. లోపల నది ఒడ్డున పెరిగిన వాల్‌నట్ చెట్ల కలపతో చేసిన మెట్లు మెలికలు తిరుగుతూ పై అంతస్తు దాకా పోతాయి. మీ శ్రీమతిగారు కింద నిలబడి చూసినా ఆ పనితనం తెలుస్తుంది. ఆ 1873లోనే, రాష్ట్రానికి తమ పేరునిచ్చిన ‘కా’ అనే ఆదివాసీ తెగవారిని, ఈ కౌంటీకి ఉత్తరాన కౌన్సిల్ గ్రోవ్ వద్దనున్న వారి భూముల నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. ఈ రెండు సంగతులనూ కలిపి గుర్తుపెట్టుకొని ఆ మెట్ల ముందు నిలబడాలని మా కోరిక.

రైలు మార్గం కాటన్‌వుడ్ ఫాల్స్‌కు రాక, నదికి ఉత్తరాన రెండు మైళ్ల దూరంలో పోయింది. అక్కడ స్ట్రాంగ్ సిటీ అనే మరో చిన్న ఊరు పుట్టింది. దానికి ఉత్తరాన 177వ నంబరు రహదారి మీదనే టాల్‌గ్రాస్ ప్రెయిరీ జాతీయ సంరక్షణ ప్రాంతం ఉంది. ప్రవేశానికి రుసుము లేదు. 1881లో స్టీఫెన్ జోన్స్ అనే పశువుల వ్యాపారి కట్టించిన రాతి ఇల్లు, మూడంతస్తుల రాతి కొట్టం, రాతి గోడలు సందర్శక కేంద్రానికి దగ్గరలోనే ఉన్నాయి. కాబట్టి నడవలేనివారు కూడా చాలావరకు చూడవచ్చు. బాటమ్‌లాండ్ అనే కాలిబాట చదునుగా ఉంటుంది, మీ శ్రీమతిగారికి అది సరిపోతుంది.

విచిటా నుంచి కారులో గంటకు కొంచెం ఎక్కువ ప్రయాణం. అయినా అదే రోజు తిరిగి రాకుండా ఒక రాత్రి అక్కడ ఉండండి. ఎండ ఏటవాలుగా పడే వేళల్లోనే ఆ కొండల మడతలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్లి మధ్యాహ్నమే తిరిగివచ్చినవారే అక్కడ ఏమీ లేదంటారు. న్యాయస్థాన భవనం తెరిచి ఉండాలంటే శుక్ర, శనివారాలు పెట్టుకోవడం మేలు. ఆది, సోమవారాల్లో చిన్న ఊళ్ల దుకాణాలు మూసి ఉండవచ్చు. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో బస గదులు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. దొరకకపోతే తూర్పున ఇరవై మైళ్ల దూరంలోని ఎంపోరియాలో ఉండవచ్చు. అది పశువుల నాడు కాబట్టి హోటళ్లలో గొడ్డుమాంసమే ప్రధానం. పులిహోర, పెరుగన్నం కట్టుకొని వెళ్లండి. అయితే పూర్తిగా మన డబ్బాలతోనే గడిపి రాకండి. కాఫీ, పండ్లతో చేసే ‘పై’ అనే తీపి వంటకం, బంగాళాదుంపలు ఎలాగూ దొరుకుతాయి. అంత చిన్న ఊరిలో ఒక్కో దుకాణం నిలబడటానికి బయటి నుంచి వచ్చినవారి కొనుగోలు నిజంగా అవసరం. పైగా ఆ బల్లల దగ్గరే మీరు కలవాలనుకునే రైతులు కూర్చుంటారు. మీరూ పశువులు సాకినవారని అల్లుడితో చెప్పించండి.

ప్రశ్న: అదే సంరక్షణ ప్రాంతంలో బైసన్లు (అమెరికా అడవి దున్నలు) ఉన్నాయని విన్నాం. ఎనిమిది, ఐదేళ్ల పిల్లలతో వెళ్లడం క్షేమమేనా?
– ఒక తల్లి, ఓవర్లాండ్ పార్క్, కాన్సస్

జవాబు: జాగ్రత్తలు పాటిస్తే వెళ్లవచ్చు. 2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ ఉద్యానవనం నుంచి 13 బైసన్లను తెచ్చి ఇక్కడ వదిలారు. ఆ మంద తర్వాత పెరిగింది. కాలిబాటల్లో ఒకటి అవి మేసే బయలు గుండానే పోతుంది, మధ్యలో కంచె ఉండదు. వంద గజాల కన్నా దగ్గరికి పోకూడదన్నది అక్కడి నియమం. తోక నిక్కబొడుచుకొని ఉంటే అది కలత చెందిందని అర్థం, వెంటనే వెనక్కి తగ్గాలి. వసంతంలో తల్లులు దూడలతో ఉంటాయి కాబట్టి మరింత దూరం పాటించాలి. ఐదేళ్ల పిల్లలున్నప్పుడు ఆ బయలులోకి నడిచి పోకుండా, మంద కనిపించే ఎత్తైన చోటు ఏదో సందర్శక కేంద్రంలో అడిగి అక్కడి నుంచే చూపించండి. 1882లో కట్టిన లోయర్ ఫాక్స్ క్రీక్ అనే ఒంటిగది బడి ఒక గుట్ట మీద ఉంది, పిల్లలకు అది తప్పక నచ్చుతుంది. వేసవిలో గడ్డిలో పిడుదులు, కంటికి ఆనని చిగ్గర్ పురుగులు పట్టుకుంటాయి. కాళ్లు పూర్తిగా కప్పే దుస్తులు వేయండి, ఇంటికి చేరగానే ఒళ్లు వెతకండి. కొండల మీద చెట్టు నీడ ఉండదు, ఫోను సంకేతం అన్నిచోట్లా అందదు. నీళ్లు, కాగితం పటం వెంట ఉంచుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా టోర్నడో సుడిగాలుల కాలం, ఉదయమే వాతావరణ సూచన చూసి బయలుదేరండి.

ప్రశ్న: గడ్డిలో నిలబడి ఫొటోలు తీసుకోవడానికి దారి పక్కన కారు ఆపి కంచె దాటి పోవచ్చా? బజార్ అనే ఊరి దగ్గర ఒక విమాన ప్రమాద స్మారకం ఉందట, దానిని చూడవచ్చా?
– ఒక విద్యార్థి, విచిటా

జవాబు: కంచె దాటకూడదు. కాన్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటు సొత్తు, చేజ్ కౌంటీ కూడా అంతే. భూమి తమ చేతిలోనే ఉండాలన్న పట్టుదల అక్కడివారికి ఎంతటిదో జాతీయ సంరక్షణ ప్రాంతం చరిత్రే చెబుతుంది. దాని విస్తీర్ణం సుమారు 10,900 ఎకరాలు. ప్రభుత్వం తమ నేలను తీసుకుంటుందని స్థానికులు ఏళ్ల తరబడి వ్యతిరేకించడంతో, 1996లో చేసిన చట్టం అందులో 180 ఎకరాలకు మించి జాతీయ ఉద్యానవనాల శాఖ పేరిట ఉండరాదని పరిమితి పెట్టింది. మిగతా నేల నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ చేతిలో ఉంది. కాబట్టి గడ్డిలో నడవాలనుకుంటే ఆ సంరక్షణ ప్రాంతంలోనే నడవండి. అక్కడ దాదాపు నలభై మైళ్ల కాలిబాటలు ఉన్నాయి. కంకర దారుల్లో వెళ్తే నెమ్మదిగా నడపండి. దారికి అడ్డంగా గేటు ఎదురై, దాన్ని దాటే అనుమతి మీకు ఉంటే, అది తెరిచి ఉన్నా మూసి ఉన్నా, దాటిన తర్వాత తిరిగి అలాగే ఉంచండి. తప్పుగా వదిలిన గేటు వల్ల ఒకరి మంద మరొకరి బయలులో కలిసిపోతే వేరుచేయడానికి ఒక రోజంతా పడుతుంది. వాగు దారి మీదుగా పారుతుంటే కారు దింపవద్దు. ఎదురుగా వచ్చే వాహనం నడిపేవారు చేయి ఎత్తి పలకరిస్తారు, మీరూ ఎత్తండి.

ఆ స్మారకం 1931 మార్చి 31న జరిగిన ప్రమాదానిది. నోట్రడామ్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు, అప్పట్లో దేశమంతా ఎరిగిన క్నూట్ రాక్నీ సహా ఎనిమిది మంది అందులో మరణించారు. విమానానికి చెక్కతో చేసిన రెక్క విరిగిపోయింది. ఆ దుర్ఘటన తర్వాతే అమెరికాలో ప్రయాణికుల విమానాల నిర్మాణం, తనిఖీ కట్టుదిట్టమయ్యాయి. ప్రమాద స్థలం ఒక పశువుల బయలు మధ్యలో, ప్రైవేటు భూమిలో ఉంది కాబట్టి యజమాని అనుమతి, వెంట తీసుకెళ్లేవారు లేకుండా వెళ్లరాదు. అనుమతి కుదరకపోతే టర్న్‌పైక్ (సుంకం కట్టి వెళ్లే పెద్ద రహదారి) మీద మ్యాట్‌ఫీల్డ్ గ్రీన్ విశ్రాంతి కేంద్రంలో రాక్నీ జ్ఞాపకార్థం ఏర్పాటు చేసిన స్మారకాన్ని చూడవచ్చు. టర్న్‌పైక్ మీదుగా విచిటాకు వెళ్లేటప్పుడు అది దారిలోనే ఉంటుంది.