విల్లు పేరు చూసి మాడ్యూల్ కొనొద్దు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కాంపౌండ్ విల్లు కొన్నాను. డ్రా లెంగ్త్ (పూర్తిగా లాగినప్పటి పొడవు) 30 అంగుళాలు ఉంది, నాకు 28 చాలు. ఆన్‌లైన్‌లో చూస్తే అదే మోడల్ పేరుతో ఐదారు రకాల మాడ్యూళ్లు ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: ఇప్పుడే ఏదీ తీసుకోవద్దు. కొత్త మాడ్యూల్ అవసరమే లేకపోవచ్చు. క్యామ్ (విల్లు చివర తిరిగే చక్రం) పక్కన చిన్న స్క్రూలతో బిగించిన ముక్క ఉంటుంది చూడండి, అదే మాడ్యూల్. దాని దగ్గర వరసగా అక్షరాలో అంకెలో, వాటికి ఎదురుగా రంధ్రాలో ఉంటే అది తిప్పి బిగించుకునే రకం. స్క్రూలు తీసి, రెండు అంగుళాలు తగ్గే స్థానానికి తిప్పి మళ్లీ బిగిస్తే సరి. ఏ అక్షరానికి ఎంత పొడవో కంపెనీ ట్యూనింగ్ చార్టులో ఉంటుంది. చాలా మోడళ్లలో దీనికి బో ప్రెస్ (విల్లును వంచి పట్టే యంత్రం) కూడా అక్కర్లేదు. పైనా కిందా రెండు క్యామ్‌లకూ మాడ్యూళ్లు ఉంటే రెండిటినీ ఒకే స్థానంలో పెట్టాలి. డ్రా స్టాప్ (లాగేటప్పుడు క్యామ్‌ను ఆపే ముక్క) విడిగా ఉంటే దాన్నీ అదే అక్షరానికి జరపాలి. అందరూ మరిచిపోయేది ఈ స్టాప్‌నే. ఆ తర్వాత ‘విల్లు మెత్తగా ఆగుతోంది, గోడ (లాగడం ఆగే చోటు) గట్టిగా తగలడం లేదు’ అని మళ్లీ ఉత్తరం రాస్తారు.

మాడ్యూల్ మీద ఒకే కొలత ఉండి, తిప్పడానికి స్థానాలు లేకపోతేనే కొత్తది కొనాలి. అప్పుడు ‘ఫలానా మోడల్‌కి 28’ అని అడిగితే సరిపోదు. కంపెనీలు విల్లు పేరు అదే ఉంచి మరో ఏడాది క్యామ్ మార్చేస్తుంటాయి. మీ క్యామ్ మీద చెక్కిన పేరు, సైజు, మీ మాడ్యూల్ మీద ఉన్న కోడ్, కుడిచేతి విల్లా ఎడమచేతిదా, లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక చేతిమీద తగ్గే బరువు) ఎంత శాతం అన్నవన్నీ రాసుకోండి. మాథ్యూస్ స్విచ్‌వెయిట్ లాంటి వాటిలో డ్రా లెంగ్త్, లెట్ ఆఫ్‌తో పాటు గరిష్ఠ డ్రా వెయిట్‌ను (లాగడానికి కావలసిన బలాన్ని) నిర్ణయించేది కూడా మాడ్యూలే. 28 అని చూసి వేరే వెయిట్‌ది తెచ్చుకుంటే 60 పౌండ్ల విల్లు 65 అయి కూర్చుంటుంది. ఫొటోలో ఒకేలా ఉన్నాయని కొనడం కంటే, లింబ్ (విల్లులో వంగే బద్ద) మీది సీరియల్ నంబర్ కంపెనీకి పంపి అడగడం నయం.

ఇంకో మాట. ఆ 28 మీకు ఎక్కడ నుంచి వచ్చింది? చేతులు చాచి ఒక వేలి కొస నుంచి మరో వేలి కొస దాకా కొలిచి 2.5తో భాగించారనుకుంటాను. 70 అంగుళాలకు 28 వస్తుంది. మొదలుపెట్టడానికి ఆ లెక్క పనికొస్తుంది, అంతే. కంపెనీ చెప్పే డ్రా లెంగ్త్ అంటే పూర్తిగా లాగినప్పుడు బాణం నాక్‌లో (వెనక కొస గాడిలో) స్ట్రింగ్ కూర్చునే చోటు నుంచి గ్రిప్‌లో బాగా లోతైన చోటు దాకా ఉన్న దూరానికి 1.75 అంగుళాలు కలిపిన కొలత. 28 విల్లులో ఆ దూరం 26.25 అన్నమాట. రిలీజ్ ఎయిడ్ (స్ట్రింగ్‌ను పట్టి వదిలే పరికరం) మార్చినా, దవడ దగ్గర చేయి ఆనే చోటు మారినా శరీరానికి నప్పే పొడవు మారుతుంది. వెనక్కి వాలిపోతున్నా, స్ట్రింగ్ ముంజేతికి తగులుతున్నా ఇంకా ఎక్కువే ఉందని అనుమానించండి.

ప్రశ్న: బాణం పెట్టకుండా స్ట్రింగ్ వదిలేశాను. పై క్యామ్ వంగింది. అదొక్కటే మారిస్తే చాలదా?

జవాబు: చాలకపోవచ్చు. బాణంలోకి వెళ్లాల్సిన శక్తంతా విల్లే భరించింది కదా! లింబ్‌ల అంచుల వెంట దూది మెల్లగా లాగి చూడండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక మొదలైందన్నమాట. అలాంటి లింబ్‌ను వాడకూడదు. యాక్సిల్‌ను (క్యామ్ తిరిగే ఇరుసును) అద్దం మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. స్ట్రింగ్, కేబుళ్లలో (క్యామ్‌లకు కట్టిన తాళ్లలో) పోగులు తెగాయేమో చూడాలి. ఇవన్నీ విప్పాలంటే బో ప్రెస్ కావాలి, ఇంట్లో చేసే పని కాదు. ఈలోగా ఆ విల్లును లాగి చూడొద్దు.

క్యామ్ విషయానికొస్తే, హైబ్రిడ్ రకంలో రెండు క్యామ్‌లూ వేర్వేరు కాబట్టి పైది కిందికి, కిందిది పైకి సరిపోదు. బైనరీ రకంలో కేబుళ్లు ఒక క్యామ్‌ను మరోదానితో కట్టిపడేస్తాయి కాబట్టి రెండూ ఒకే సైజు, ఒకే తరం అయ్యుండాలి. సైజు మారితే స్ట్రింగ్, కేబుళ్ల పొడవులు కూడా మారవచ్చు. ప్రస్తుత పొడవులు లింబ్ స్టిక్కర్ మీద ఉంటాయి. అందుకే ‘పెద్ద క్యామ్ వేస్తే స్పీడ్ పెరుగుతుంది’ అన్న సలహా నాకు నచ్చదు. ఆ లింబ్‌లకు కంపెనీ ఆమోదించని క్యామ్ వేస్తే గరిష్ఠ వెయిట్ ఎటు పోతుందో లాగేదాకా తెలియదు.

ప్రశ్న: డ్రా లెంగ్త్ అంగుళం పెంచాను. పాత బాణాలే వాడొచ్చా?

జవాబు: బాణం పెట్టి, టార్గెట్ వైపు గురిపెట్టి పూర్తిగా లాగండి. పక్కన ఒకరు నిలబడి బాణం మొన రెస్ట్ (బాణం ఆనే ఆధారం) దాటి ఎంత ముందుకుందో చూడాలి. మొన రెస్ట్ దగ్గరికి వచ్చేస్తోందంటే ఆ బాణాలు పక్కన పెట్టేయండి. రెస్ట్ మీంచి జారిన బాణం చేతిలోకి దిగుతుంది. పొడవు సరిపోయినా స్పైన్ (బాణం బిగువు) చార్ట్ మళ్లీ చూడాల్సిందే. అంగుళానికి సుమారు సెకనుకు 10 అడుగుల వేగం పెరుగుతుంది. పీప్ (స్ట్రింగ్‌లో ఉండే గురి రంధ్రం), సైట్ (గురి చూసే పరికరం) కూడా కొత్తగా సరిచేసుకోవాలి.

పోటీలకు వెళ్లేవారైతే బో స్కేల్‌తో డ్రా వెయిట్ కూడా తూచుకోండి. వరల్డ్ ఆర్చరీ నిబంధనల్లో కాంపౌండ్‌కు గరిష్ఠం 60 పౌండ్లు. మాడ్యూల్ స్థానం మారితే కొన్ని విల్లుల్లో వెయిట్ కూడా కాస్త పెరుగుతుంది. 59 దగ్గర ఉన్నవారు ముందే లింబ్ బోల్టులు కాస్త వదులు చేసి చూసుకోవాలి, అదీ మాన్యువల్ చెప్పిన చుట్లకు మించకుండా.