కొండవీడు కోటా, కొండవీటి కోటా?

సందేహం: మొన్న సెలవుల్లో పిల్లలతో కొండవీడు వెళ్లాం. నేను ‘కొండవీడు కోట’ అంటుంటే మా అత్తగారు ‘కొండవీటి కోట’ అనాలంటారు. ఏది సరైనది? ఇందులో ‘వీడు’ ఎవడని మా అబ్బాయి అడిగాడు, చెప్పలేకపోయాను.

సమాధానం: ముందు మీ అబ్బాయికి చెబుతాను. ఈ వీడు మనిషి కాదు, ఊరు. పాత తెలుగులో వీడు అంటే పట్టణం, దండు దిగిన చోటు అని కూడా. మగపెళ్లివారికి ఇచ్చే ‘విడిది’ దీనికి చుట్టమే. తమిళులు ఇప్పటికీ ఇంటిని వీడు అనే అంటారు. శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటుపద్యంలో ‘కొమరు మించిన వీడు కొండవీడు’ అని ఉంది. అందంలో మిన్న అయిన పట్టణం అని అర్థం. రెడ్డిరాజు అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాక ఆ కొండ నిజంగానే పట్టణమైంది. తర్వాత ఒడిశా నేలిన గజపతుల చేతికి వెళ్లింది, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. కుతుబ్‌షాహీల కాలంలో ముర్తజానగరు అని పేరు పెట్టినా జనం నోట నిలిచింది పాత పేరే.

ఇక మీ అత్తగారి మాట. ఇల్లు–ఇంటి, గూడు–గూటి, ఏడు (సంవత్సరం)–ఏటి అయినట్టే వీడు–వీటి అవుతుంది. వ్యాకరణంలో ఈ ‘టి’ని ఔపవిభక్తికం అంటారు. ఓరుగల్లు ఓరుగంటి అయిందీ ఈ దారిలోనే. మనిషిని చెప్పే ‘వీడు’ అయితే ‘వీడి’ అవుతుంది, ‘వీడి చొక్కా’ అంటాం కదా. రెండూ వేరు మాటలని ఇక్కడే తేలిపోతుంది.

కాబట్టి కొండవీటి కోట, కొండవీటి రెడ్లు, కొండవీటిలో అనడం తెలుగు నడక. ‘కొండవీడు కోట’ తప్పు కాదు, కొండవీడు అనే పేరుగల కోట అని చెప్పుకోవచ్చు. ‘కొండవీడులో’ అని రాసేవాళ్లూ చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అది ‘ఇల్లులో’ అన్నట్టు వినిపిస్తుంది.

ఒక్కచోట మాత్రం ‘వీటి’ని ఎవరూ కదిలించలేరు. మా ఇంట్లో నూతి గిలక పక్కన కొబ్బరితాడు చుట్టలు చుట్టలుగా పడి ఉండేది. సరుకుల చీటీ కాస్త పెరిగితే చాలు, మా నాయనమ్మ ఆ తాడు వైపు చూసి ‘ఇదేంట్రా, కొండవీటి చాంతాడంత ఉంది!’ అనేది. చేదకు కట్టే తాడే చాంతాడు. ఆవిడ కొండవీడు ఎన్నడూ చూడలేదు. అయినా ఒక్కసారి కూడా ‘కొండవీడు చాంతాడు’ అనలేదు.