కాళ్లు సన్నబడటం, పిక్కలు పట్టేయడం: రెండూ వయసు వల్లేనా?

మీ నాన్నగారికి 68 ఏళ్లని, కాళ్లు సన్నబడ్డాయని, కాస్త దూరం నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయని రాశారు. ఇది వయసు వల్ల వచ్చిందా, రక్తనాళాల జబ్బా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా నాన్న విషయంలో ఏడాది పాటు ఇదే ప్రశ్నతో తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

నాన్నకు అప్పుడు 71. పదిహేనేళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే చుట్ట అలవాటు. బరువు తగ్గలేదు, పొట్ట అలాగే ఉంది. అందుకే పిక్కలు కర్రల్లా అయిపోతున్నా మేం పట్టించుకోలేదు. వీధి చివర రామాలయానికి వెళ్తూ మూడో కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయేవారు. రెండు నిమిషాలు నిలబడితే నొప్పి పోయేది, మళ్లీ నడిచేవారు. మొదట చూపించిన చోట నరాల బలహీనత అన్నారు. ఆరు నెలలు బి కాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిచారు. స్తంభాల లెక్క మాత్రం మూడు దాటలేదు.

తర్వాత ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు పాదం మీద నాడి పట్టుకుని చూశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. నాన్నకు 19 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ బలం తగ్గిందని అనుమానించాలట. ఆ తర్వాత చేతికి, చీలమండకు బీపీ కొలిచారు. చీలమండ దగ్గరి అంకెను చేతి దగ్గరి అంకెతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలి ధమనుల్లో పూడిక ఉన్నట్టు. నాన్నకు 0.68 వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ అంకె బాగున్నట్టు మోసం చేయొచ్చు. మీ నాన్నగారికి షుగర్ ఉంటే డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) కూడా అవసరమేమో అడగండి.

కండకీ ధమనికీ సంబంధం ఏమిటంటే, మనం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద భాగాన్ని కండ లాక్కోవాలి. కండ తగ్గితే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పని చేయదు, నాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అటు నుంచి చూస్తే, నాళం పూడితే నడిచేటప్పుడు పిక్కకు చాలినంత రక్తం అందక కండ పోగులు పాడవుతాయి. నొప్పికి భయపడి మనిషి నడక మానేస్తాడు, ఉన్న కండ కూడా పోతుంది. ముందు ఏది మొదలైందో మా నాన్న విషయంలో ఇప్పటికీ తేలలేదు. చుట్ట, షుగర్, కూర్చునే అలవాటు రెండింటినీ కలిపే తింటాయి మరి.

మందులతో పాటు మాకు పనికొచ్చింది నడకే. నొప్పి బాగా వచ్చేదాకా నడవాలి, తగ్గేదాకా నిలబడాలి, మళ్లీ నడవాలి. అలా అరగంటకు పైగా, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. అయితే గుండె పరీక్ష చేయించి, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాం. మొదటి నెల నాన్న నన్ను తిట్టని రోజు లేదు. మూడో నెల చివరికి ఎనిమిదో స్తంభం దాకా వెళ్లారు. రాత్రిపూట మజ్జిగన్నంతో సరిపెట్టడం మాన్పించి గుడ్డో, పెసరట్టో, గట్టి పప్పో పెట్టాం. ప్రొటీన్ పొడి సంగతి అడిగారు కదా, ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే అది సొంతంగా మొదలుపెట్టేది కాదు.

కొలెస్ట్రాల్ మాత్ర కండలు కరిగిస్తుందని ఎవరో చెబితే నాన్న నెల రోజులు మాకు చెప్పకుండా ఆపేశారు. ఆ మాత్ర వల్ల ఒళ్లునొప్పులు వస్తే డాక్టరే మోతాదో, మాత్రో మారుస్తారు. మనంతట మనం ఆపకూడదు.

పాదం మీద మానని పుండు గానీ, పడుకున్నప్పుడు కూడా నొప్పి గానీ ఉంటే ఇదంతా పక్కన పెట్టి వెంటనే వాస్క్యులర్ సర్జన్‌కి (రక్తనాళాల డాక్టర్‌కి) చూపించండి. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే తీసుకెళ్లండి. ప్యాంటు, సాక్సులు వద్దు, లుంగీ కట్టించండి. మేం మొదట వెళ్లిన చోట ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నాన్న కాళ్లు చూడలేదు.