నీ హైడ్రోజన్ వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. భౌతికశాస్త్రం దాదాపు అంతా సరిగ్గానే ఉంది. కానీ మొదటి పేరాలో తరంగం, రెండో పేరాలో భౌతికశాస్త్రవేత్త బోర్ ఇచ్చిన పరమాణు నమూనా, మూడో పేరాలో సూత్రం! ఇంటర్ గైడ్ ఇలాగే ఉంటుంది. చదివేవాడికి ఇంకా ప్రశ్నే పుట్టలేదు, నువ్వేమో జవాబు చెప్పేశావు.

ముందు హైడ్రోజన్ వెలుగులోని గీతలు చూపించు. గాజు గొట్టంలో కాస్త హైడ్రోజన్ ఉంచి హై వోల్టేజీ ఇస్తే గులాబీ రంగులో వెలుగుతుంది. దాన్ని గ్రేటింగ్ (దగ్గరదగ్గరగా సన్నటి చీలికలున్న పలక) గుండా చూస్తే ఇంద్రధనుస్సు రాదు. విడివిడిగా ఒక ఎర్ర గీత, ఒక నీలి-ఆకుపచ్చ గీత, రెండు ఊదా గీతలు కనిపిస్తాయి. తరంగాల సంగతి ఇక్కడ చెప్పు. గ్రేటింగ్‌లోని సన్నటి చీలికల నుంచి వచ్చే అలలు కొన్ని దిశల్లోనే కలిసి బలపడతాయి, ఆ దిశ తరంగదైర్ఘ్యాన్ని, అంటే అల పొడవుని, బట్టి మారుతుంది. అందుకే కోణం కొలిస్తే తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. నీ మొదటి పేరాకి అప్పుడు ఒక పని దొరుకుతుంది.

ఆ నాలుగు గీతల తరంగదైర్ఘ్యాలు 656.3, 486.1, 434.0, 410.2 నానోమీటర్లు. ఈ నాలుగు అంకెలూ ఇచ్చి కాసేపు ఊరుకో. వాటిలో వరస ఏమీ కనిపించదు. బాసెల్‌లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే బాల్మర్‌కి 1885లో, అరవై ఏళ్ళ వయసులో, కనిపించింది. 364.56ని 9/5, 4/3, 25/21, 9/8లతో గుణించి చూసుకోమను, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటుంది కదా. 4/3ని 16/12గా, 9/8ని 36/32గా రాస్తే పైన 9, 16, 25, 36 వస్తాయి. కింద ఉన్నవి వాటిలోంచి నాలుగేసి తీసేసినవే. ఇక నీ సూత్రం అక్కర్లేకపోవచ్చు కూడా.

ఎందుకలా అన్నది బాల్మర్‌కి తెలీదు. 1913లో బోర్ చెప్పేదాకా, అంటే 28 ఏళ్ళు, ఆ లెక్క కారణం లేకుండానే నిలబడింది. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే కథంతా ఇక్కడే ఉంది.

బోర్ ప్రకారం హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ కొన్ని శక్తి స్థాయిల్లోనే ఉండగలదు, పై స్థాయి నుంచి కిందికి దిగితే ఆ తేడా వెలుగుగా వస్తుంది. ఇక్కడ స్థాయిల్ని మెట్లతో పోల్చావు, అది పనికిరాదు. మెట్లు సమాన ఎత్తులో ఉంటాయి, హైడ్రోజన్ స్థాయిలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకే గీతలు కూడా 364.56 వైపు ఇరుక్కుపోతాయి. పోలిక తీసేసి అంకెలు పెట్టు. రెండో స్థాయి మైనస్ 3.40 ఎలక్ట్రాన్ వోల్టులు, మూడోది మైనస్ 1.51. తేడా 1.89, అదే ఆ ఎర్ర గీత. ఎలక్ట్రాన్ గ్రహంలా గుండ్రంగా తిరుగుతుందన్న బొమ్మని మాత్రం ఇప్పుడెవరూ నమ్మరు, స్థాయిలే మిగిలాయి. అది కూడా రాయి.

గుంటూరు పేరా ఉంచు, కానీ సరిచెయ్యి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణంలో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ అక్కడ హీలియం కనిపెట్టాడని రాశావు, చాలామంది అలాగే రాస్తారు. సూర్యుడి అంచున ఎగిసిన జ్వాలల్లో ఆయన గుర్తుపట్టింది హైడ్రోజన్ గీతల్ని. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్ళీ చూశాడు. అక్కడి పసుపు గీత కొత్త మూలకానిది (అదే హీలియం) అన్న ఆలోచన తర్వాత ఇంగ్లండ్‌లో ఖగోళవేత్త లాకియర్‌ది. నీ వ్యాసం హైడ్రోజన్ గురించే కదా, అసలు సంగతే నీకు ఎక్కువ పనికొస్తుంది!

బొమ్మ వేస్తానన్నావు. గీతల మధ్య దూరాలు స్కేలు ప్రకారం వెయ్యి, అందం కోసం సర్దొద్దు. ఉగాదిలోపు పంపితే చూసి పెడతాను.

నీ అన్నయ్య