చేతులు రాకపోవడం

అమ్మాయీ,

నీ కథ వచ్చి మూడు వారాలైంది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. అరణ్యంలో నలభై పగళ్లు, నలభై రాత్రులు తిండి లేని యేసు చేత ఆరు పేజీల్లో నాలుగుసార్లు చిరునవ్వు నవ్వించావు. అపవాది, అదే సాతాను, వీటిని రొట్టెలు చేసుకో అని రాళ్లు చూపిస్తే చిరునవ్వు. దేవాలయ శిఖరం మీద నిలబెడితే చిరునవ్వు. లోకరాజ్యాలన్నీ చూపించేసరికి నీకే విసుగు పుట్టినట్టుంది, అక్కడ మాత్రం మందహాసం అని మార్చావు. ఒక్కపూట అన్నం ఆలస్యమైతే నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడను. నువ్వు మాట్లాడతావా?

రెండోసారి ఎందుకు తీశానంటే, చివరి పేజీలోని ఒక వాక్యం నన్ను వదల్లేదు. అపవాది వెళ్లిపోయాక చూసుకుంటే రాయి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, వేడిగా. దాన్ని ఆలోచించి రాశావో, చేయి జారి పడిందో నాకు తెలియదు. ఈ ఉత్తరం ఆ వాక్యానికి రాస్తున్నాననుకో.

నువ్వడిగిన ప్రశ్నల్లో పెద్దది ఇది: యేసు పాపం చేయగలిగీ చేయలేదా, అసలు చేయలేడా? చేయలేనివాడికి అది శోధన, అంటే పాపం వైపు లాగే పరీక్ష, ఎలా అవుతుంది? అడగడం అడిగావు గాని, కథలో మాత్రం చేయలేడని ముందే తేల్చేసుకున్నావు. ఆ చిరునవ్వులన్నీ అక్కడి నుంచి వచ్చినవే. నేనూ చేయలేడనే నమ్ముతాను. మన పేచీ ఆ మాటకు నువ్వు చెప్పుకున్న అర్థంతో.

తెలుగులో చేయలేకపోవడం రెండు రకాలు. బస్తా ఎత్తలేకపోవడం చేతకాకపోవడం. పసిబిడ్డ గొంతు పిసకమంటే తల్లి చేయలేదు చూడు, అక్కడ కండలో బలం లేక కాదు, ఎవరో ఆమె చేయి పట్టుకునీ కాదు. చేతులు రావు. క్రీస్తు తలచుకుంటే అబద్ధమాడగలడు గాని, అలా తలచుకోలేడని పదకొండో శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ వాదించాడు. పాపం, లాటిన్‌లో చాలా దూరం నడవవలసి వచ్చింది ఆయనకు. మన అమ్మమ్మలైతే చేతులు రాలేదమ్మా అని ఊరుకునేవారు. నీ కథలో యేసుకు చేతులు రాకపోవడం లేదు. ఆయనకు అసలు చేతులే లేవు.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఇద్దరు క్రైస్తవ వేదాంత పండితులు దీని మీద చెరో పక్క నిలబడ్డారు. ప్రిన్స్‌టన్‌లో చార్లెస్ హాడ్జ్, పాపం చేసే అవకాశమే లేకపోతే శోధన అన్న మాటకు అర్థం లేదన్నాడు. న్యూయార్క్‌లో విలియం షెడ్, అవకాశమే లేదన్నాడు. ఇనుప తీగను విడిగా వంచవచ్చు, దాన్నే ఇనుప కమ్మీకి అతికితే వంచలేవు, మానవ స్వభావం దైవస్వభావంతో కలిసింది కనుక ఇదీ అంతే అని ఆయన పోలిక. నేను నిలబడేది షెడ్ పక్కనే. కానీ ఆ పోలిక కమ్మరికి పనికొస్తుంది, కథకుడికి పనికిరాదు. ఇనుముకు ఆకలి వేయదు. హాడ్జ్ తేల్చిన జవాబు తప్పు కావచ్చు, ఆయన భయం మాత్రం న్యాయమైనది: అవకాశం లేదన్న మరుక్షణం మనం శోధనను నాటకం చేసేస్తాం. నువ్వు చేసినట్టు.

బైబిలులోని హెబ్రీ పత్రికలో యేసు 'సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను' అని ఉంది. ఆ 'మనవలెనే' మీద వేలు పెట్టి ఎంతసేపైనా కూర్చో. బియ్యం బస్తా మోసే హమాలీల్లో, సగం దారిలో దించేసినవాడికి బస్తా బరువు బాగా తెలుస్తుందా, గోడౌను దాకా మోసినవాడికా? పడిపోయిన మనమే శోధనను ఎరిగినవాళ్లమని, పడనివాడికి అది తెలియదని అనుకుంటాం. తలకిందులు లెక్క.

నా సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లు దాటింది. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే రోజుల్లో నా స్నేహితుడొకడు చనిపోయాడు. అతని నవల రాతప్రతి నా దగ్గర ఉండిపోయింది. అది ఉన్నట్టు ఇంకెవరికీ తెలియదు. నేను రెండేళ్లుగా ఒక్క ముక్క రాయలేదు. ఒక రాత్రి కూర్చుని ఆ నవలను నా అక్షరాల్లో ఎత్తి రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలు రాశాను. పన్నెండో పేజీ మార్జినులో, ఒకప్పుడు నేను చెప్పిన చిన్న సవరణను అతను ఎర్ర సిరాతో రాసుకుని, పక్కన నా పేరు పెట్టుకున్నాడు. అక్కడ కలం ఆగింది. ఇదేదో నా నిజాయితీ అని చెప్పడం లేదు. పదకొండు పేజీలు దొంగనే. ఆ రాత్రి బరువు నాకు ఆ పదకొండు పేజీల మేరకే తెలుసు, మొదటి అక్షరం దగ్గరే ఆగినవాడికి తెల్లవార్లూ ఎంత బరువై ఉండేదో నాకు తెలియదు. రాతప్రతిని అతని భార్యకు ఇచ్చేశాను. ఆమె అచ్చు వేయించలేదు, అది వేరే కథ.

యేసుకు మనిషిగా తనదైన ఇష్టమంటూ ఒకటి ఉందా లేదా అని ఏడో శతాబ్దంలో పెద్ద గొడవ జరిగింది. ఉంది అన్నవాడు మాక్సిమస్ అనే సన్యాసి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తూ యేసు తండ్రితో 'నా యిష్టప్రకారము కాదు' అన్నాడంటే, పక్కన పెట్టడానికి ఒక ఇష్టం ఉండాలి కదా. చావంటే జంకడం దేహమున్నవాడి సహజగుణం, పాపం కాదు. ఆ జంకే తండ్రి చిత్తానికి తలవంచింది అని అతని వాదం. చక్రవర్తి మనుషులు అతని నాలుక, కుడిచేయి కోయించి వెళ్లగొట్టారు. 662లో ప్రవాసంలో చనిపోయాడు. 681 నాటికి కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన క్రైస్తవ మహాసభ యేసుకు దైవ ఇష్టం, మానవ ఇష్టం రెండూ ఉన్నాయని ఒప్పుకుంది. యేసు జంకాడని చెప్పినందుకు ఒకడు రాసే చేయి పోగొట్టుకున్నాడమ్మా. మనం చిరునవ్వు నవ్వించి చేతులు దులుపుకుంటున్నాం.

గెత్సేమనే మీద నేనూ ఒక కథ రాశాను. ఒక క్రైస్తవ మాసపత్రిక సంపాదకుడు అందులో చెమటంతా కొట్టేసి, ప్రభువు మహిమకు తగదని పక్కన రాసి పంపాడు. లూకా సువార్తలో రాసిన చెమటే కదయ్యా అని జవాబు రాస్తే ఉలకలేదు, పలకలేదు. తరువాత తెలిసింది, రక్తబిందువుల్లాంటి ఆ చెమట ఉన్న రెండు వచనాలు బాగా పాత ప్రతులు కొన్నిటిలో లేవని. తరువాత ఎవరో చేర్చారా, ముందున్నవాటిని ఎవరో తీసేశారా అని పండితులు ఇంకా తగవులాడుకుంటున్నారు. తీసేశారనే నా అనుమానం. మా సంపాదకుడి లాంటివాళ్లు ఆ కాలంలో మాత్రం ఉండరా? ఆయన పత్రికలో బాగా నడిచిన సరుకేమిటంటే మూడు అంశాల వ్యాసాలు, మూడూ ఒకేలాంటి అక్షరంతో మొదలవ్వాలి. ఇప్పటికీ అదే ఫ్యాషను. నీ కథలోనూ ఆ వాసన ఉంది: శోధన, సాధన, సాఫల్యం. కొట్టేయి.

ఇలా రాస్తే సంఘపెద్దలు ఏమంటారని భయపడుతున్నావు. అనవచ్చు. క్రీస్తు తీసుకున్నది పతనమైన మానవ స్వభావాన్నే, పరిశుద్ధాత్మ దాన్ని పాపం అంటకుండా కాపాడింది అన్నందుకు ఎడ్వర్డ్ ఇర్వింగ్ అనే బోధకుణ్ణి 1833లో స్కాట్లండ్ సంఘం సేవ నుంచి తొలగించింది. నువ్వు అంత దూరం పోనక్కరలేదు. ఆయనకు ఆకలేసిందని రాయి. మత్తయి కూడా అంతే రాశాడు.

తిరగరాయడం రాయి దగ్గర మొదలుపెట్టు. అది రొట్టెలా కనిపించాలి, గుండ్రంగా, ఎండకు కాలి, తల్లి నజరేతులో కాల్చినదానిలా. చేయి దాని చుట్టూ బిగుసుకోవాలి. 'మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు' అన్న మాట ఎండిన నాలుకతో రావాలి. అపవాది కొంతకాలమే విడిచిపోయాడని లూకా అంటాడు, అదీ మరిచిపోకు. దేవదూతల రెక్కల మీద నువ్వు రాసిన పేరా మొత్తం తీసేయి.

మిగతా ప్రశ్నలకు ఇంకోసారి చూద్దాం. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా టైపు చేసి పంపు, ఎడమకంటికి శుక్లం ముదిరింది.

ఆశీస్సులతో,
నువ్వు మాస్టారని పిలిచే ప్రూఫురీడరు