రాతి పుర్రెకు సీటీ స్కాన్

ప్రశ్న: మాస్టారూ, నేను పొగతోటలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌ని. డైనోసార్ల కాలం నాటి సముద్ర సరీసృపాల పుర్రెలకు కూడా సీటీ తీస్తారని చదివాను. రాయిలో ఏం కనిపిస్తుంది? మా మిషన్ పనికొస్తుందా? మా బావమరిది ఒంగోలు దగ్గర వేమవరం నుంచి ఆకు అచ్చున్న రాయి తెచ్చాడు. రాత్రిపూట కేసుల్లేనప్పుడు పెట్టి చూడమంటారా?
ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మా ఇంట్లో చేపల పులుసు చేస్తే తలకాయ నాదే. విప్పుకుని తినడం అయ్యేసరికి కంచం అంచున ఎముకలు గుట్ట పడతాయి. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి, ఆ గుట్టను మళ్లీ తలకాయగా పేర్చమంటే నా వల్ల కాదు. శిలాజాలతోనూ ఒకప్పుడు ఇదే తంటా. 1916లో సోలస్ అనే ఆయన ఇక్తియోసార్ అనే చేప ఆకారపు సముద్ర సరీసృపం పుర్రె లోపల ఏముందో చూడాలని, దాన్ని మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, పొర బయటపడ్డప్పుడల్లా బొమ్మ తీసుకుంటూ పోయాడు. చివరికి బొమ్మలు మిగిలాయి, పుర్రె పొడైపోయింది. మీరు రోజూ చూసే స్లైసులు, అంటే అడ్డకోత బొమ్మలు, అవే నాయనా. కాకపోతే మీ పేషెంటు లేచి ఇంటికి వెళతాడు.

రాయిలో చూసేది ఎముకను మాత్రమే కాదు, ఎముకలోని దారులను కూడా. నరం, రక్తనాళం ఎప్పుడో కుళ్లిపోయాయి. అవి నడిచిన సొరంగాలు మాత్రం ఖనిజాలతో నిండి అలాగే ఉండిపోయాయి. ఇంగ్లండులో వేమత్ తీరాన దొరికిన ప్లయోసార్ అనే పెద్ద దవడల సముద్ర సరీసృపం పుర్రె దాదాపు 2 మీటర్ల పొడవు, వయసు 15 కోట్ల ఏళ్ల పైమాటే. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో దానికి స్కాన్ తీస్తే, ముట్టె లోపల చెట్టు వేళ్లలా చీలిన సన్నటి గొట్టాలు కనిపించాయి. అవి పైకొచ్చి చిన్నచిన్న గుంటల్లో తెరుచుకుంటాయి. మొసలి మూతి మీద నీటి కదలికను పసిగట్టే చుక్కలుంటాయే, ఇదీ అలాంటి ఏర్పాటే అయి ఉండాలని 2014లో ఆ పరిశోధకులు రాశారు. పళ్లు చూస్తే భయం వేస్తుంది గానీ, నాకైతే ఆ గొట్టాలే నచ్చాయి.

ఇక మీ మిషన్. గాంట్రీలో, అంటే పేషెంటు దూరే గుండ్రటి చట్రంలో, పట్టే చిన్న పుర్రెలకు ఆస్పత్రి సీటీ వాడినవాళ్లున్నారు. మీ 120, 140 కేవీ (కిలోవోల్టుల) ఎక్స్‌రే మందపాటి రాయిని దాటలేదు. దానికి 450 కేవీ దాకా వెళ్లే ఇండస్ట్రియల్ మిషన్ కావాలి. రేడియేషన్ డోసు బెంగ లేదు, ఊపిరి బిగబట్టమని చెప్పే పనీ లేదు. అసలు కష్టం తర్వాత. ఎముకా రాయే, చుట్టూ ఉన్నదీ రాయే. విండో, అంటే తెర మీద నలుపు తెలుపుల సర్దుబాటు, ఎంత మార్చినా బూడిద రంగులో బూడిద రంగు. లోపల పైరైట్ అనే ఇనుప ఖనిజం ఉంటే, పంటికి మెటల్ క్యాప్ వేయించుకున్నవాళ్ల స్కాన్‌లో లాగా చారలే చారలు. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని, స్లైసు తర్వాత స్లైసు, ఎముక ఎక్కడిదాకా ఉందో చేత్తో గీసుకుంటూ పోవాలి. నెలల పని.

మీ బావమరిది రాయిని మాత్రం మిషన్లో పెట్టకండి. వేమవరం రాళ్లలో ఆకుల అచ్చులూ, అమ్మోనైట్లనే చుట్టగుల్ల సముద్ర జీవుల అచ్చులూ దొరకడం నిజమే, ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది కూడా. కానీ ఆకు అచ్చు పైపొర ముచ్చట, సీటీకి చిక్కేంత మందం ఉండదు. లైట్లు ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చిని రాయి పక్కనుంచి వాలుగా పట్టండి. ఈనెలు లేచి కనిపిస్తాయి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి పంపండి, చూద్దాం.