రోజుకు ఎన్ని కొరియన్ పదాలు బట్టీ పట్టాలి?

కొరియన్ కొత్తగా మొదలుపెట్టిన మీరు రోజుకు ఇరవై పదాలు చాలునా, యాభై కావాలా అని అడిగారు. నన్నడిగితే ఆ లెక్కే అనవసరం. విడి పదాలను నమ్ముకుని భంగపడినవాణ్ణి కనుక ఇంత ధీమాగా చెబుతున్నాను.

కియా కర్మాగారం వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల వెలిసిన విడిభాగాల పరిశ్రమల్లో ఒకదానిలో నేను చేరేనాటికి, అట్టముక్కల మీద రాసుకున్న ఆరువందల పదాలు నాకు కంఠతా వచ్చు. ఒకరోజు మా కొరియన్ మేనేజరుగారిని, మూడు వేళ్లు చూపిస్తూ, మీటింగు మూడింటికేనా అని అడిగాను. ఆయన "నే షి" అని వెళ్లిపోయారు. "నే" అంటే "అవును" అని నా మొట్టమొదటి అట్టముక్క మీదే ఉంది కనుక, వెనుక వచ్చిన "షి"ని పట్టించుకోకుండా మూడింటికే వెళ్లి, ఖాళీ గదిలో గంటసేపు నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పింది నాలుగు గంటలని! నాలుగుకు నేను వల్లించిన మాట "నెత్". గంటను సూచించే "షి" ముందు అది "నే"గా మారుతుందని విడి పదాల జాబితా ఎలా చెబుతుంది? పైగా గంటలకు అచ్చ కొరియన్ సంఖ్యలు, నిమిషాలకు చైనా నుంచి వచ్చిన సంఖ్యలు వాడతారు కాబట్టి, నాలుగు గంటల నాలుగు నిమిషాలను "నే షి స బున్" అనాలి.

ఈ పదాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అమ్మే పుస్తకాల మీద నాకు వేరే కోపం ఉంది. పదికి "యొల్" అని దాదాపుగా మన అక్షరాల్లోనే రాసుకోగలిగినవాళ్లం, ఇంగ్లీషు స్పెల్లింగును చూసి "యియోల్" అంటున్నాం. కొరియన్ లిపి అయిన హంగుల్‌లో మూలాక్షరాలు 24 మాత్రమే కాబట్టి, ముందు అవి నేర్చుకోండి.

చైనా మూలం గల పదాలను మాత్రం కుటుంబాలుగా పట్టుకోవచ్చు. విద్య అనే మాట తెలిస్తే విద్యార్థి, విద్యాలయం మనకు ఎలా అర్థమవుతాయో, చదువును సూచించే "హక్" తెలిస్తే విద్యార్థికి "హక్‌సేంగ్", బడికి "హక్‌క్యో", విశ్వవిద్యాలయానికి "దేహక్" అలాగే వరుసకడతాయి.

ఇప్పుడు నేను రోజుకు ఐదుకు మించి రాసుకోను, ప్రతి మాటనూ అది నడిచే వాక్యంతోనే రాసుకుంటాను. "నెత్" అట్టముక్క మీద మాత్రం, నాలుగు చూపిస్తున్న గడియారం బొమ్మ వేసి, కింద "నే షి" అని ఎర్ర సిరాతో రాసుకున్నాను.